కొట్టుకొచ్చిన కర్ర

డ్రాయింగు రూములో సోఫాకి ఎదురుగోడ బోసిగా వుంటే మనకి నిద్ర పట్టదు. పడగ్గది గోడలు ఎలా వున్నా పట్టించుకోం. వంటింటి గోడలకి తాలింపు జిడ్డు పట్టినా సర్దుకుపోతాం. కాని వచ్చినవాళ్ళు కూర్చుని, మంచినీళ్ళు తాగుతూ తలెత్తి చూసే ఆ ఒక్క గోడ మాత్రం యింటి పరువు సంగతి. మా అమ్మమ్మ కాలంలో ఆ గోడకి పోయినవాళ్ళ ఫొటోలు వరసగా, కొంచెం ముందుకి వంగి, మనల్ని కనిపెట్టి చూస్తున్నట్టు వేలాడేవి. మా అమ్మ నాటికి అద్దాల షోకేసూ, అందులో కొండపల్లి బొమ్మలూ వచ్చాయి. ఆ తర్వాత గోడ మొత్తాన్ని టీవీ ఆక్రమించింది. యిప్పుడు చదువుకున్న పిల్లలకి టీవీ అంటే మోటు. గోడకి ఏదైనా 'సహజమైనది' వుండాలి. అంటే డ్రిఫ్ట్‌వుడ్ అన్నమాట.

పేరు కొత్తగా వుంది గాని వస్తువు కొత్తది కాదు. ఏరో సముద్రమో ఎక్కడినుంచో మోసుకొచ్చి ఒడ్డున పారేసిన కర్ర. వేరుమొద్దు కావచ్చు, విరిగిన కొమ్మ కావచ్చు. నెలల తరబడి నీళ్ళలో నాని, యిసకకి రాసుకుని, బెరడంతా పోతుంది. మెత్తటి భాగం ముందుగా అరిగిపోయి, గట్టి చారలు మాత్రం పైకి తేలి నిలుస్తాయి. ఒడ్డున పడ్డాక ఎండ తన పని మొదలుపెడుతుంది. కర్రకి గోధుమరంగు యిచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని ఎండ విరగ్గొడితే వాన కడిగేస్తుంది. మిగిలేది పాత వెండి గిన్నెలాంటి బూడిదరంగు. ఏ రంగులవాడూ కలపలేని రంగు అది. సముద్రంలో తేలిన కర్రకయితే వడ్రంగి బరమా పెట్టి తొలిచినట్టు గుండ్రటి బెజ్జాలు కూడా వుంటాయి. అవి పురుగు తొలిచినవి అనుకుంటాం. పేరుకి షిప్‌వర్మ్ అంటారు గాని అది పురుగు కాదు, ఆలుచిప్పల జాతి జీవి. కర్ర ఓడల రోజుల్లో నావికులు తుఫానుకి భయపడ్డట్టే దానికీ భయపడేవారు. ఓడని తినేసిన ఆ నోటి ముద్రే యివాళ మన గోడమీద అందం.

యింత అందమూ ఎవరూ చెయ్యకుండా వచ్చిందే అనేదే ఆ కర్రకున్న విలువంతా. ఆ మాట కొంచెం ఆగి ఆలోచించవలసిందే.

బి.ఏ.లో నాకు ఫిలాసఫీ వుండేది. పరీక్ష గట్టెక్కగానే చాలామటుకు మర్చిపోయాను గాని, కాంట్ చెప్పిన ఒక కథ మాత్రం గుర్తుండిపోయింది. 1790లో వచ్చిన ఆయన 'క్రిటిక్ ఆఫ్ జడ్జిమెంట్'లో వుంది. వేసవికాలం, వెన్నెల, పొదలో నైటింగేల్ పాడుతోంది. పల్లెటూరి గాలి పీల్చుకోడానికి వచ్చిన అతిథులు మైమరిచి వింటున్నారు. తీరా చూస్తే పిట్టా లేదు గిట్టా లేదు. వాళ్ళని సంతోషపెట్టడానికి పూటకూళ్ళ యజమాని ఒక తుంటరి కుర్రాణ్ణి పొదలో కూచోబెట్టి, గొట్టంతో వూదించాడు. సంగతి తెలిశాక ఆ పాటని ఒక్కరూ ఎక్కువసేపు వినలేరంటాడు కాంట్. చెవికి తగిలే ధ్వని అదే. పోయిందల్లా అది పిట్టదన్న నమ్మకం.

మన బజార్లో ఆ కుర్రాడు బోలెడు వేషాల్లో దొరుకుతాడు. మామూలు టేకుముక్కని తెచ్చి యిసక వూది అరగదీసి డ్రిఫ్ట్‌వుడ్ అంటారు. సన్‌మైకాలో కూడా డ్రిఫ్ట్‌వుడ్ అని ఒక షేడు వుంది, చూశారా? అలమార తలుపులకి వేసుకోవచ్చు. వీటిని చూసి నాకు కోపం రాదు. మేకప్ వేసుకున్న ముఖం కూడా ముఖమే కదా. అయితే కొన్నవాళ్ళు 'నేచురల్ అండీ' అని చెప్పుకున్నప్పుడు మాత్రం ఆ పూటకూళ్ళాయన గుర్తొస్తాడు.

నిజంగా వెతికి, చూసి, ఏరి తెచ్చుకునేవాళ్ళ తీరు వేరు. అవనీంద్రనాథ్ టాగూరు అంతటి చిత్రకారుడు, ముసలితనంలో కుంచె పక్కన పెట్టి, తోటలో రాలిన కొమ్మలూ, వేళ్ళూ, వెదురు కణుపులూ ఏరుకుని కూచునేవాడు. ఒక పుల్లలో కొంగ కనిపించేది, ఒక గింజలో ముసలివాడు. అక్కడ కాస్త గీకి, యిక్కడ కాస్త అతికించి వదిలేసేవాడు. వాటికి 'కుటుం కాటాం' అని పేరు పెట్టాడు. బెంగాలీలో కుటుం అంటే బంధువు. ఏరుకున్న పుల్లని చుట్టం అన్నాడు చూడండి, ఆ పేరు నాకు ఆ బొమ్మలకంటే నచ్చింది. చుట్టాన్ని ఎవరూ 'నాది' అనరు. 'నాకు ఏమవుతాడంటే' అని మొదలుపెడతారు.

యిదంతా మా ఆడపడుచు కూతురి ధర్మమా అని ఆలోచించాను. ఆ పిల్ల హైదరాబాదులో ఫ్లాటు కొనుక్కుంది. హాల్లో పది అడుగుల గోడ. ఆన్‌లైన్‌లో ఒక వేరుమొద్దు చూసింది, ఎనిమిదివేలట. "డబ్బు కాదత్తా, అది ఎవరో ఏరింది. నా గోడకి నేనే ఏరుకోవాలి" అంది. నాకు ముచ్చటేసింది. 2022 ఆగస్టు చివర్లో, శ్రావణమాసం పేరంటానికి ఆ పిల్లా నేనూ రాజమండ్రిలో మా వదిన యింటికి వెళ్ళాం.

ఆ ఏడు గోదావరి సంగతి మీకు గుర్తుండే వుంటుంది. జూలై 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులు వచ్చింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు మళ్ళీ రాలేదు. కూనవరం, వరరామచంద్రపురం, వేలేరుపాడు వైపు వూళ్ళకి వూళ్ళే మునిగాయి. నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి 1465 కిలోమీటర్లు నడిచొచ్చే నది, దారిలో ఎవరి పెరట్లో ఏముందో అన్నీ తీసుకునే వస్తుంది. వరదకర్ర పట్టడం గోదావరి గట్టున ఎప్పటినుంచో వున్న పని. కొక్కేలు కట్టిన తాళ్ళు విసిరి, ప్రాణానికి తెగించి నీళ్ళలోకి దిగి మరీ దుంగలు లాగుతారు. గజీతగాళ్ళే కొట్టుకుపోయిన సందర్భాలున్నాయి.

మేం వెళ్ళేసరికి వరద తీసి నెల దాటింది. నది యింకా ఎర్రగానే వుంది. వూరికి ఎగువన, గట్టు దిగువ రావిచెట్టు కింద ఒకావిడ కర్రలు ఆరబెట్టుకుంటోంది. యాభై ఏళ్ళుంటాయి. చీర కుచ్చెళ్ళు ఎగదోపి, లావువి ఒకచోట, పుల్లలు ఒకచోట, వేళ్ళు ఒకచోట, మనం అప్పడాలు ఆరబెట్టినంత శ్రద్ధగా సర్దుతోంది. గ్యాసు లేదా అని మా వదిన అడిగింది. "దీపం సిలిండరు వుందండి. బండ అయిపోతే మళ్ళీ కొనద్దా? అన్నం దీని మీద, కాఫీ దాని మీద" అంది. 1999లో దీపం పథకం వచ్చినప్పుడు కట్టెలపొయ్యి కథ ముగిసిందని పేపర్లు రాశాయి. పేపర్లు చాలా కథలు ముగించేస్తాయి.

మా పిల్ల కళ్ళు చెట్టుకి ఆనించి వున్న ఒక చెక్కమీద పడ్డాయి. మూడున్నర అడుగుల పొడుగు, చేతి మందం. అంచులు అరిగి గుండ్రంగా అయ్యాయి. బూడిదరంగు మీద అక్కడక్కడ పసుప్పచ్చ పెచ్చులు, మధ్యలో ఎర్రటి మరకలు. "అత్తా, ఆ పసుపు చూడు! నాచో ఏదో పట్టి అలా అయుంటుంది. మనిషన్నవాడు చెయ్యగలడా అది?" అంది.

ఆవిడ విని నవ్వింది. "గడపండమ్మా అది. కనపట్టంలేదా?"

అప్పుడు చూశాం. రెండు చివరలా ద్వారబంధం నిలువులు దిగే చదరపు గుంటలున్నాయి. పసుపు నాచు కాదు. రోజూ పసుపు రాయలేక ఈ రోజుల్లో చాలామంది గడపకి పసుపురంగు పెయింటే వేయించేస్తున్నారు కదా, అదీ. ఎర్రమరకలు బొట్లు. ఏ పండక్కో ఎవరో యిల్లాలు వరసగా, దూరాలు కొలిచినట్టు పెట్టుకున్న బొట్లు.

ఆ తర్వాత జరిగిన బేరం రాయాలి. మా పిల్ల దాన్నే అడిగింది. వెయ్యి యిస్తానంది. రెండువేలంది. ఆవిడ తల అడ్డంగా వూపింది. "నాది కాదండి అమ్మడానికి" అంది. మరి లాగింది నువ్వే కదా అంటే, "లాగేదాకా తెలీలేదండి. తెలిశాక పొయ్యిలో పెట్టబుద్ధి కాలేదు, నీళ్ళలో తొయ్యబుద్ధి కాలేదు. అలా వుంది" అంది. గోడకి పెట్టుకుంటామని మా పిల్ల వివరించింది. ఆవిడకి అర్థం కాక కాసేపు చూసి, "గడపనా? గోడకా?" అని మళ్ళీ నవ్వింది. ఎగతాళి లేదు ఆ నవ్వులో. తలుపుని తీసుకెళ్ళి పైకప్పుకి కొడతామంటే ఎలా వుంటుంది, అలా అనిపించింది కాబోలు.

గట్టెక్కి వస్తూంటే మా పిల్లకి కోపం. తను అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే: "కొట్టుకొచ్చిన కర్ర ఎవరిదత్తా?"

చట్టం దగ్గర దీనికి తయారుగా జవాబుంది. 1927 భారత అటవీ చట్టం 45వ సెక్షను ప్రకారం, కొట్టుకొచ్చిన కలపా, ఒడ్డుకి తగిలిన కలపా, మునిగి దొరికిన కలపా, ఎవరైనా తమదని రుజువు చేసుకునేదాకా ప్రభుత్వానిది. ఆశ్చర్యపోకండి, దానికో కారణం వుంది. ఆ రోజుల్లో ఎగువ అడవుల్లో కొట్టిన టేకుని తెప్పలు కట్టి గోదావరిలో తేల్చి రాజమండ్రిదాకా తెచ్చేవారు. వరదకి తెప్ప తెగితే సొంతదారు దుంగమీద కొట్టిన ముద్ర చూపించి తనదని అడగాలి. షావుకారుకి సుత్తి ముద్ర వుంది సరే. వేలేరుపాడు మండలంలో గడప పోగొట్టుకున్న యిల్లాలికేం ముద్ర వుంది? ఎర్రబొట్లే. ఆ ముద్ర పట్టుకుని ఆవిడ ఏ ఆఫీసుకి వెళ్తుంది?

తత్వవేత్తల దగ్గర యింకో జవాబుంది. ప్రకృతిలో పడివున్నదాన్ని తన ఒంటి కష్టంతో తీసుకున్నవాడిదే ఆ వస్తువు అన్నాడు జాన్ లాక్, 1689లో అచ్చయిన పుస్తకంలో. అయితే యితరులకి సరిపడా, అంత మంచిదే, మిగలాలి అనే షరతు కూడా పెట్టాడు. ఈ లెక్కన గడప ఆ రావిచెట్టు కింద ఆవిడది. మెడలోతు నీళ్ళలోంచి లాగింది ఆవిడే. విచిత్రమేమిటంటే చట్టం తనదన్నదీ, తత్వం ఆవిడదన్నదీ అయిన ఆ చెక్కని ఆవిడ ఒక్కర్తే నాది కాదంది. ఏ పుస్తకమూ చదవని మనిషి.

మా పిల్ల వాదనని నేను తేలిగ్గా తీసెయ్యలేదు. "అక్కడ వుంటే చెదపడుతుంది. నా దగ్గర వుంటే వందేళ్ళు వుంటుంది. చూసినవాళ్ళు ఆ వూళ్ళ గురించి అడుగుతారు. ఏది మంచిది?" అంది. ఈ మాటలో బలం వుంది. చండీగఢ్‌లో నేక్‌చంద్ రాక్ గార్డెన్ చూసే వుంటారు చాలామంది. ఆ నగరం కట్టడానికి పాత పల్లెలు పడగొట్టినప్పుడు, రోడ్డు ఇన్‌స్పెక్టరుగా వున్న ఆయన ఆ శిథిలాలూ, విరిగిన గాజులూ, పింగాణీ పెంకులూ ఏళ్ళ తరబడి రహస్యంగా మోసుకెళ్ళి ఒక లోకాన్ని కట్టాడు. 1976లో జనానికి తెరిచారు. అవీ ఎవరి యిళ్ళవో, ఎవరి చేతి గాజులో. ఆ బొమ్మల్ని చూసి మనకి తప్పు జరిగినట్టు అనిపించదు. ఏదో నిలబెట్టినట్టే అనిపిస్తుంది.

అంతదూరం ఎందుకు, కారైక్కుడిలో చెట్టియార్ల మేడల స్తంభాలూ తలుపులూ కొట్లలో అమ్ముతారు. హైదరాబాదు ఫ్లాట్లలో కార్పెట్టు మీద నిలబడి వుంటాయి. వాటిని చూసి నేనూ బాగున్నాయనే అన్నాను. కాని వాటిని అమ్మినవాళ్ళు వున్నారు. మనసు చంపుకుని అమ్మారో, పీడ విరగడయిందని అమ్మారో, 'తీసుకెళ్ళండి' అన్న ఒక నోరు వుంది. వరదకి పోయిన గడపకి ఆ నోరు లేదు. అడగడానికి మనిషి దొరకకపోతే, అడగక్కర్లేదని అర్థమా? ఒడ్డున దొరికిన వస్తువంటే మనకంత మోజు ఎందుకంటే, అందులో అడగవలసిన మనిషి కనిపించడు. నాకయితే 'సహజం' అనే మాటలో సగం యిదే అనిపిస్తోంది. మనిషి జాడ చెరిగిపోయినదాన్ని సహజం అంటున్నాం. నది ఎంత బాగా అరగదీస్తే అంత సహజం, అంత ఖరీదు.

మామూలు కొమ్మ సంగతి మాత్రం ఏమిటి, దానికీ ఒక చెట్టూ, చెట్టుకింద ఒక పశువూ వుండేవి కదా అని మీరు అడగొచ్చు. అలా పోతే వంటింట్లో కూరగాయ కూడా తరగలేం. నేను గీసే గీత యిదీ: కొమ్మ నాకు తెలియనిది. గడప తెలిసింది. తెలిశాక కూడా తెలియనట్టు చూడమంటే, అందం పేరుతో నా కళ్ళని నేను గంతలు కట్టుకోవాలి. నేక్‌చంద్ ఆ పని చెయ్యలేదు. ఆయన తోటలో విరిగిన గాజు విరిగిన గాజులాగే వుంటుంది, మరొకటని నమ్మించడు.

మా పిల్లని ఒకటే అడిగాను. "డ్రిఫ్ట్‌వుడ్ తెచ్చుకున్నాక ఏం చెయ్యాలని రాశారు?" చెప్పింది. రెండు మూడు రోజులు నీళ్ళలో నానబెట్టాలి, గట్టి బ్రష్షుతో రుద్ది మట్టీ మసీ పోగొట్టాలి, ఎండబెట్టి సన్నటి గరుకు కాయితంతో తోమాలి. "ఆ బొట్లు కూడా రుద్దుతావా?" అన్నాను. రుద్దనంది. అలాగే వుంచుతానంది. మరి ఎవరైనా వచ్చి గోడమీద ఆ బొట్లేమిటి అంటే? చెప్తానంది. ప్రతిసారీ? పుట్టినరోజు పార్టీలో, కేకు ముక్క చేతిలో పట్టుకున్నవాళ్ళకి కూడా? జవాబు చెప్పలేదు. చాలాసేపు నడిచాక, "చెప్పి చెప్పి అది కూడా ఓ కబురయిపోతుంది కదూ" అంది. పిల్ల తెలివైనది. నాకు తట్టనిది తనకి తట్టింది. బాధని దాచిపెడితే మర్చిపోతాం, గోడకి తగిలిస్తే అలవాటుపడిపోతాం.

మర్నాడు మళ్ళీ వెళ్ళి, ఆవిడ దగ్గరే ఒక వేరుమొద్దు కొంది. చింతవేరని ఆవిడ చెప్పింది. మెలికలు తిరిగి, చూసే వైపుని బట్టి జింకలాగో చెయ్యిలాగో వుంటుంది. దానికి ధర చెప్పడానికి ఆవిడకి క్షణం పట్టలేదు: రెండువందలు, రెండు రోజుల పొయ్యి. మా పిల్ల బేరమాడలేదు. ఆవిడ మాత్రం వందకాయితాలు రెండూ ఎండకేసి చూసి, కొంగున ముడేసుకుని, "దీనికి రెండువందలేటండి మీకు పిచ్చిగానీ" అని వొప్పుకుంది కూడా. వెళ్ళొస్తామంటే యింకో మోపుకి సరిపడా పుల్లలు వూరికే యివ్వబోయింది.

వేరు యిప్పుడు హైదరాబాదులో గోడమీద వుంది. కడిగి, నీడన ఆరబెట్టి, అవిసెనూనె పల్చగా రాసింది. వార్నిష్ వెయ్యనివ్వలేదు. దుమ్ము దులపడం కష్టంగా వుందని పనిమనిషి విసుక్కుంటుందట. ఆ ఏడు కార్తీకమాసంలో మా వదిన గోదావరికి దీపాలు వదలడానికి వెళ్ళినప్పుడు ఆ రావిచెట్టు వైపు చూసిందట. కర్రల కుప్పలు తరిగాయి, గడప అక్కడ లేదు. ఎవరు తీసుకెళ్ళారని ఆవిణ్ణి అడగాలనుకుని, అడగకుండా వచ్చేసిందట మా వదిన.